ఒక ఆదివారం, ఒకే కల్యాణి

ఒకే రాగాన్ని వేర్వేరు కాలాల రికార్డుల్లో, మధ్యలో ఇంకో రాగం చొరబడకుండా, సాయంత్రమంతా కూర్చుని వినాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. అనుకోవడమే గాని కుదిరింది మొన్న మార్గశిరంలో, అదీ మా బాబాయి పుణ్యాన. ఆయన విజయనగరంలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. చలికాలం కొన్నాళ్లు విశాఖలో మా దగ్గర ఉందామని వస్తూ బట్టల సంచీతో పాటు ఒక రేకు ట్రంకుపెట్టె కూడా ఆటోలోంచి దింపించారు. అందులో బట్టలేమీ లేవు. అన్నీ క్యాసెట్లే.

డెబ్బైల చివర్లో రేడియో, టేప్ రికార్డర్ కలిసిన టూ ఇన్ వన్ కొన్నప్పటినుంచి ఆయన రేడియో కచేరీలు క్యాసెట్ల మీదికి ఎక్కించేవారు. అట్ట మీద నీలం సిరాతో తేదీ, విద్వాంసుడి పేరు, పక్కవాద్యాలు, వరసగా పాడిన కీర్తనలు, ఒక్కోదాని ఎదురుగా రాగం పొడి అక్షరాల్లో. 'తో' అంటే తోడి, 'కాం' అంటే కాంభోజి, 'క' అంటే కల్యాణి. లెక్కల మాస్టారు కదా, స్కేలు పెట్టి గళ్లు గీసి మరీ రాశారు. "ఒరే నాన్నా, ఇవన్నీ ఆ కంప్యూటర్లోకి ఎక్కించెయ్. నేనుండగానే అయిపోవాలి," అన్నారు పెట్టె మూత తీస్తూనే.

అట్టలు తిరగేస్తుంటే 'క' అన్న గడే ఎక్కువగా కనిపించింది. వింత కాదు. అరవై అయిదో మేళం, అంటే మూలరాగం, మేచకల్యాణి. ఉత్తరాది యమన్‌కి దగ్గరి చుట్టం. సినిమా పాటల పుణ్యమా అని సంగీతం రానివాళ్ల చెవికి కూడా అలవాటైన రాగం. పైగా సాయంత్రానికి కల్యాణి బాగుంటుందని పెద్దలు చెప్పే మాట ఒకటుంది. అలా ఆ ఆదివారానికి రాగం ఖాయమైంది. కాని వినడానికి ముందు చెయ్యాల్సిన పని చాలా ఉంది. అసలు నా అనుభవంలో సగం ఆ పనే.

విశాఖ సముద్రపు గాలికి క్యాసెట్లు బూజు పడతాయి. విజయనగరంలో కాస్త నయం గాని అక్కడా కొన్నిటికి టేపు అంచున తెల్లటి పొడి పట్టింది. వాటిని అలాగే డెక్కులో పెడితే ఆ బూజు టేపుని చదివే హెడ్‌కి అంటుకుని తరవాతి క్యాసెట్లకి కూడా పాకుతుంది. అందుకని బూజు పట్టినవన్నీ విడిగా తీసిపెట్టి చివరికి వాయిదా వేశాను. డెక్కు నాది పాతదే. లోపలి రబ్బరు బెల్టు ఎప్పుడో కరిగి జిగురు జిగురుగా పుల్లీకి అంటుకుపోతే దాన్ని గీకి కొత్తది వేయించాను. ప్రతి రెండు క్యాసెట్లకోసారి హెడ్‌నీ, టేపుని లాగే సన్నటి ఇనుప కడ్డీనీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో తుడుస్తాను. రబ్బరు చక్రాన్ని మాత్రం ఆల్కహాల్‌తో తుడవను, రబ్బరు ఎండి పగులుతుందని భయం. సబ్బునీళ్లు చాలు.

కొన్ని క్యాసెట్లలో అసలు శబ్దమే ముసుగు కప్పుకున్నట్టు వచ్చేది. లోపల టేపు వెనక రాగిరేకు మీద చిన్న దూదిబిళ్ల ఉంటుంది, టేపుని హెడ్‌కి అదిమిపెట్టేది. జిగురు ఎండి అది ఊడిపోయి డబ్బాలో ఎక్కడో దొర్లుతుంటుంది. నాలుగు మూలల స్క్రూలున్న క్యాసెట్టయితే విప్పి అంటించొచ్చు. అతికించేసిన రకమైతే పక్కలమ్మట బ్లేడు పెట్టి తెరిచి, టేపు చుట్టలు రెండూ తీసి ఇంకో డబ్బాలో పెట్టడమే. ఈ పని చేస్తున్నంతసేపూ మా ఆవిడ ఫ్యాను కట్టేసి కూర్చుంది, టేపు ఎగురుతుందని. చలికాలం కాబట్టి సరిపోయింది.

తరవాత అజిముత్ సంగతి. టేపుకి హెడ్ నిట్టనిలువుగా ఉండాలి. బాబాయి టూ ఇన్ వన్‌లో హెడ్ ఏ కాస్త వాలి ఉన్నా అదే వాలుతో రికార్డయి ఉంటుంది. నా డెక్కు హెడ్‌ని కూడా ఆ వాలుకే తిప్పితే తప్ప పై స్థాయి శబ్దాలు రావు. హెడ్ పక్కన స్ప్రింగున్న స్క్రూ ఉంటుంది. క్యాసెట్ తిరుగుతుండగా దాన్ని అటో పావు చుట్టు, ఇటో పావు చుట్టు తిప్పుతూ చెవి పెట్టి వినాలి. సరైన చోటు దొరకగానే మృదంగం కుడివైపు పలికే 'నం' ఒక్కసారి తళుక్కుమంటుంది. అంతసేపూ దుప్పట్లోంచి వినిపించిన మృదంగం బయటికొచ్చి కూర్చుంటుంది. మిగతా పనంతా విసుగే గాని ఈ ఒక్క క్షణం కోసం ఎన్ని క్యాసెట్లయినా తిప్పొచ్చు.

అన్నిటికన్నా చిక్కు శ్రుతి దగ్గర వచ్చింది. క్యాసెట్ టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడవాలి. ఈ వేగం నూటికి ఆరు వంతులు పెరిగితే శ్రుతి అరమెట్టు పెరుగుతుంది. ఒకటిన్నర శ్రుతిలో పాడినాయన రెండు శ్రుతిలో పాడినట్టవుతుంది. గొంతు సన్నబడుతుంది, కాలప్రమాణం కూడా పరుగెత్తుతుంది. తెలియనివాళ్లు 'ఆయన కాస్త హడావిడిగా పాడాడు' అనుకుంటారు. మరి బాబాయి యంత్రం ఆనాడు ఏ వేగంతో తిరిగిందో ఇప్పుడెలా తెలుసుకోవడం? ఉపాయం ఆయన పెట్టెలోనే దొరికింది. పొద్దున్నే భక్తిరంజని ఎక్కించడానికి ముందుగా బటన్ నొక్కేవారు కాబట్టి కొన్ని క్యాసెట్ల మొదట్లో ఆకాశవాణి సిగ్నేచర్ ట్యూన్ ఉంది. వాల్టర్ కౌఫ్‌మన్ కట్టిన ఆ వయొలిన్ ముక్క ఎన్ని దశాబ్దాలైనా మారలేదు. దాని శుభ్రమైన కాపీ ఒకటి పక్కన పెట్టి, క్యాసెట్లోదానితో పోల్చి చూస్తే తేడా తేలిపోయింది. క్యాసెట్లోది కొంచెం పైన ఉంది. అంటే టూ ఇన్ వన్ నెమ్మదిగా తిరిగిందన్నమాట. నెమ్మదిగా ఎక్కింది సరైన వేగంతో తిప్పితే పరుగెత్తుతుంది. ఆ వ్యత్యాసం కనిపెట్టాక మిగతా క్యాసెట్లన్నిటికీ అదే లెక్కతో వేగం తగ్గించాను. బాబాయికి సంగీతం కన్నా ఈ భాగమే ఎక్కువ నచ్చిందేమో, నిష్పత్తి కాగితం మీద తనే వేసిచ్చారు.

ఈ లెక్కకి లొంగనివి కూడా ఉన్నాయి. కరెంటు పోయిన రాత్రుళ్లు సెల్స్ మీద నడిపిన క్యాసెట్లు. సెల్స్ నీరసించే కొద్దీ మోటారు మందగించి, ఇప్పుడు తిప్పితే శ్రుతి మెల్లమెల్లగా పైకి పాకుతూ ఉంటుంది. పల్లవి ఒక శ్రుతిలో, చరణం దానికి కాస్త పైన. పక్కన తంబురా యాప్ పెడితే గాని పట్టుబడదు. అలాంటివి ముక్కముక్కగా సరిచెయ్యాలి. వాటిని కూడా బూజు క్యాసెట్ల పక్కకే నెట్టాను.

ఒక్క పని మాత్రం పనిగట్టుకుని చెయ్యను. టేపు వెనక వినిపించే ఆ 'స్‌స్‌' రొదని తీసెయ్యను. ఆడాసిటీ అన్న శబ్దాల సాఫ్ట్‌వేర్లో అందుకో సాధనముంది. పాటలేని చోట ఒకటి రెండు సెకన్లు దానికి చూపించి ఇదే రొద అని చెబితే మొత్తంలో అలాంటి శబ్దాన్నంతా తగ్గిస్తుంది. ఉపన్యాసానికి, నాటకానికి బాగా పనిచేస్తుంది. కాని మన కచేరీలో పాటలేని చోటెక్కడుంది? గాయకుడు ఊపిరి తీసుకుంటున్నా తంబురా మోగుతూనే ఉంటుంది. ఎడతెగకుండా ఒకేలా మోగేది అదే గనక సాధనం దాన్నే రొద కింద జమకడుతుంది. ఫలితంగా నేల తీసేసిన ఇంట్లో నిలబడి పాడుతున్నట్టుంటుంది గాయకుడి పరిస్థితి. నెట్‌లో 'శుభ్రపరిచిన' పాత కచేరీలు చాలా ఇలాగే ఉన్నాయి. గమకం చివర గొంతు సన్నగా జారి తంబురాలో కలిసే చోటు కూడా తెగిపోతుంది. రొద ఉంటే నాకేం బాధ లేదు. పది నిమిషాలు కూర్చుంటే చెవి దాన్ని మర్చిపోతుంది.

ఆదివారం అయిదున్నరకి మొదలుపెట్టాం. ఫోన్లు పడకగదిలో పెట్టేశాం. పై ఫ్లాటులో వీణ నేర్చుకుంటున్న అమ్మాయిని కూడా పిలిచాను, ఇంజనీరింగ్ చదువుతోంది. నా నియమం ఒకటే: ఒక రికార్డు నడుస్తున్నంతసేపూ మాట్లాడకూడదు, అయిపోయాక ఎంతసేపైనా. బాబాయి ఈ నియమాన్ని తలూపి ఒప్పుకుని మొదటి నిమిషంలోనే 'భేష్' అన్నారు. భేష్ అనడం మాట్లాడడం కిందికి రాదట.

మొదట జి.ఎన్. బాలసుబ్రహ్మణ్యం 'వాసుదేవయని'. ఇది బాబాయి పెట్టెలోది కాదు, 78 ఆర్‌పీఎం రికార్డు నుంచి కంప్యూటర్లోకి ఎక్కిన ప్రతి నా దగ్గరుంది. త్యాగరాజస్వామి రాసిన ప్రహ్లాద భక్తి విజయం నాటకంలో ద్వారపాలకుడు ప్రవేశించేటప్పటి కీర్తన. పది అంగుళాల 78 రికార్డులో ఒకవైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకే. ఆలాపనకి చోటులేదు. గాయకుడు నేరుగా పల్లవిలోకి దూకుతాడు. సంగతులు, అంటే అదే వాక్యాన్ని మార్చి మార్చి పాడే తీర్లు, ఒకదాని మీద ఒకటి, ఊపిరి తీసుకునే వ్యవధి కూడా లేకుండా. జి.ఎన్.బి. బిర్కాలు, ఆ వేగమైన స్వరాల గుత్తులు, అసలే మెరుపులు, ఇక్కడ గడియారం కూడా తరుముతోంది. అయిపోగానే పై ఫ్లాటు అమ్మాయి, "ఇదేంటంకుల్, ఇంతలోనే ఆగిపోయింది?" అంది.

ఆగలేదు, అంతే ఉంది. ఆ కాలంలో పాట పాడించుకునేవాళ్లు కాదు కొలత నిర్ణయించింది, లక్కతో చేసిన ఆ రికార్డు బిళ్ల. తిరువయ్యారులోనో మద్రాసు సభలోనో ఇదే కీర్తనకి ముందు ఆయన కల్యాణిని ఎంతసేపు పరిచేవాడో, తరవాత స్వరాలు ఎంతసేపు కురిపించేవాడో ఆ బిళ్లలో లేదు. కాని నాకు తోచేది ఇంకొకటుంది. ఆ మూడు నిమిషాల్లో అనవసరమైన సంగతి ఒక్కటి కూడా లేదు. కత్తిరింపు తెలిసిన విద్వాంసుడి చేతిలో ఆ ఇరుకు కూడా ఒక అందమే. 78 రికార్డుని కచేరీకి నమూనా అనుకుంటే అన్యాయం, విడిగా ఒక ప్రక్రియ అనుకుంటే న్యాయం. బాబాయి దీనికి ఒప్పుకోలేదు. "కల్యాణిని అగ్గిపెట్టెలో పెట్టి అందం అంటావేట్రా," అన్నారు.

దాన్ని మళ్లీ పెట్టమంది అమ్మాయి. రెండోసారి విన్నాక ప్రతి సంగతీ ముందుదాని కన్నా ఒక స్వరం ఎక్కువ తీసుకుంటోందని కాగితం మీద గీసి చూపించింది. వీణ మీద వేళ్లతో లెక్కపెట్టిందట. ఆ పిల్లకి కల్యాణిలో తెలిసింది అట తాళ వర్ణం 'వనజాక్షి' ఒక్కటే. గాంధారాన్ని వర్ణంలో ఎలా పట్టుకోమన్నారో ఇక్కడ ఆయన అలా పట్టుకోలేదని కూడా అంది. బాబాయి ఆమెని అప్పట్నుంచి 'విద్వాంసురాలు గారూ' అని పిలవడం మొదలెట్టారు.

రెండోది నాదస్వరం. షేక్ చిన్నమౌలానా గారు. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడ్డ మన తెలుగాయన, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. రేడియోలో వచ్చిన ఆలాపన ఇది, బాబాయి క్యాసెట్టే. నాదస్వరాన్ని ఇంట్లో వినడం కష్టం. మిగతా రికార్డులకి నా కొలత ఏమిటంటే, ఆ మనిషే ఈ గదిలో కూర్చుని పాడితే ఎంత గట్టిగా వినిపిస్తుందో అంతే వాల్యూం. నాదస్వరానికి ఆ కొలత పెడితే అపార్ట్‌మెంటు అసోసియేషన్ మీటింగు పెడుతుంది. మా ఆవిడ లేచి కిటికీలు మూసింది. సగం వాల్యూంలో విన్నాం, అయినా గోడకున్న క్యాలెండరు కదిలింది.

ఇక్కడ కల్యాణి పూర్తిగా వేరు. నిషాదం మీద ఎంతసేపు నిలిచారంటే నేను ఊపిరి బిగపట్టి కూర్చున్నానని ఆయన వదిలాక గాని నాకు తెలియలేదు. గుడి ఊరేగింపులో వీధి వీధికీ ఆగుతూ రాత్రంతా వాయించే విద్య అది. అక్కడ గడియారం ఉత్సవమూర్తిదే. దేవుడు కదిలితే కదలాలి, ఆగితే రాగం పెంచాలి. ఆ అలవాటు రేడియో స్టూడియోలో కూడా పోలేదు. అర్ధగంట కేటాయింపులోనే ఆయన తొందరపడకుండా, రాత్రంతా తనదే అన్నట్టు వాయించారు. బాబాయి దీనికి భేష్ కూడా అనలేదు, కళ్లు మూసుకుని తొడ మీద వేళ్లు ఆడించారు.

మధ్యలో పెసరట్లు. వాటి గురించి రాయడానికేమీ లేదు, అల్లం పచ్చడి మాత్రం బాగుంది.

మూడోదే ఆ సాయంత్రానికి అసలు కచేరీ. అట్ట లేని క్యాసెట్. అట్ట ఉండేదే, వెండిపురుగులు తినేశాయి. మిగిలిన ముక్క మీద 'నిధి – క' అన్నంతవరకే ఉంది. రాత్రిపూట మీడియం వేవ్ మీద, విజయవాడ 837 కిలోహెర్ట్జ్ నుంచి పట్టిన కచేరీ అని బాబాయి చెప్పారు. మొదటి అనౌన్స్‌మెంటు లేదు. బాబాయి భోజనం దగ్గర్నుంచి లేచొచ్చేసరికి ఆలస్యమైందట. క్యాసెట్ తిరగడం మొదలయ్యాక పాట రాకముందే, ఆ నిశ్శబ్దంలో, ఎక్కడో దూరంగా గొంతు సన్నగా వినబడింది. తరవాత రెండు సెకన్లకి అదే గొంతు నిండుగా వచ్చింది. "అంకుల్, ముందే ఎవరో పాడారు," అంది అమ్మాయి. టేపు ఏళ్ల తరబడి చుట్టుకుని ఉంటే ఒక పొర మీది అయస్కాంతపు ముద్ర పక్క పొరకి లేతగా అంటుకుంటుంది. తొంభై నిమిషాల క్యాసెట్‌లో టేపు పలచన కాబట్టి ఇంకా ఎక్కువ. మాట్లాడకూడదన్న నియమం నేనే పెట్టాను గనక వివరం తరవాత చెప్పాను.

ఆలాపన పద్దెనిమిది నిమిషాలు. మంద్రస్థాయిలో మొదలై గాంధారం దగ్గర చాలాసేపు కూర్చుని, పంచమానికి వెళ్లినట్టే వెళ్లి ప్రతిమధ్యమం దగ్గర ఆగి వెనక్కి రావడం. ఆ ఆగడంలో ఏముందో రాయలేను. వయొలిన్ ప్రతి వాక్యాన్నీ పట్టుకుని ఒక్క అడుగు వెనక నడిచింది. ఆ తరవాత 'నిధి చాల సుఖమా', చాపు తాళం. తంజావూరు రాజు ఆహ్వానాన్ని త్యాగరాజస్వామి కాదన్న సందర్భంలోదని చెప్పుకునే కీర్తన. నెరవలు ఎక్కడో ఊహించొచ్చు: 'మమత బంధనయుత నరస్తుతి సుఖమా' దగ్గర. మనుషుల్ని పొగడడం సుఖమా అని అడిగే ఆ వాక్యాన్నే తిప్పి తిప్పి ఏడు అక్షరాల తాళంలో రకరకాలుగా పరవడం. ఈ గాయకుడు ఎన్నిసార్లు తిప్పినా మాట విరగలేదు. 'నరస్తు' ఒకచోట, 'తి సుఖమా' ఇంకోచోట పడే కచేరీలు చాలా విన్నాను. తెలుగు చెవికి అది పంటికింద రాయి. ఇక్కడ ఒక్కసారి కూడా పడలేదు.

స్వరకల్పన రెండో కాలంలోకి వెళ్లింది, మృదంగం ఊపందుకుంది. అంతలో టక్. నలభై అయిదు నిమిషాలు నిండాయి, మొదటి వైపు అయిపోయింది. క్యాసెట్ తిప్పి పెట్టడానికి ఆనాడు బాబాయికి ఎంతసేపు పట్టిందో అంత సంగీతం లేదు. నేను డెక్కు మూత తీస్తుంటే బాబాయి తొడ మీద తాళం ఆపలేదు. ఒకటి రెండు మూడు, ఒకటి రెండు మూడు నాలుగు. "తిప్పు తిప్పు, మూడు ఆవర్తనాలు పోయాయి అంతే," అన్నారు. అవతలి వైపు మొదలైనప్పుడు గాయకుడు గాంధారం మీద ముగించి 'మమత' ఎత్తుకున్నాడు, బాబాయి అరచెయ్యి సరిగ్గా అక్కడే పడింది. ఈ క్యాసెట్ ఆయన ఎన్నిసార్లు విని ఉంటే ఆ ఖాళీ కూడా కంఠతా వచ్చిందో! కంప్యూటర్లో రెండు వైపులూ అతికించి ఆ అతుకు కనపడకుండా చెయ్యొచ్చు. చెయ్యకని ఆయన ముందే చెప్పేశారు.

రేడియోలో తని ఆవర్తనం, మృదంగం ఒంటరిగా మోగే భాగం, చిన్నదే. మంగళం కూడా అయింది. అనౌన్సరమ్మ గొంతు వచ్చింది: "ఇంతవరకు మీరు..." గదిలో అందరం ముందుకి వంగాం. టక్. వెంటనే చిన్నపిల్ల గొంతు, మైకుకి మరీ దగ్గరగా, 'చిట్టి చిలకమ్మా, అమ్మ కొట్టిందా'. వెనక మా పిన్ని నవ్వు.

క్యాసెట్ వెనక రెండు ప్లాస్టిక్ పలుకులుంటాయి. వాటిని విరిచేస్తే ఇంక దాని మీద రికార్డవదు. బాబాయి ప్రతి కచేరీకీ విరిచేవారు, దీనికి మాత్రం విరవలేదు. ఖాళీ క్యాసెట్ దొరకడం కష్టమైన రోజులు. ఇంట్లో ఎవరో పిల్లల మాటలు పట్టుదామని చేతికందింది పెట్టేశారు. మైకు ముందు పాడినవాళ్లు అయిదు నిమిషాలున్నారు. పోయింది మాత్రం విద్వాంసుడి పేరు.

అప్పుడు మొదలైంది అసలు రభస. బాబాయి మాట: ఇది నేదునూరి కృష్ణమూర్తి గారు. నా మాట: వోలేటి వెంకటేశ్వర్లు గారు. ఇద్దరూ డాక్టర్ శ్రీపాద పినాకపాణి గారి శిష్యులే కావడంతో చిక్కు. నూకల చిన సత్యనారాయణ గారూ ఆయన శిష్యులే. పినాకపాణి గారు వృత్తికి వైద్యుడు, పాఠం చెప్పడంలో మహా పట్టుదల మనిషి. ఆ ఇంట్లో నేర్చుకున్నవాళ్లందరికీ మాట విరగకపోవడం, గమకాన్ని నిదానంగా పలికించడం ఒకేలా వచ్చాయి. బాబాయి వాదన ఆ నిదానం మీద. నా వాదన ఆలాపనలో తారస్థాయి నుంచి జారిన ఆ పొడుగాటి జారు మీద. వోలేటి గారికి హిందుస్తానీ గాయకుడు బడే గులామ్ అలీ ఖాన్ అంటే పిచ్చి అభిమానం. ఆ జారులో ఉత్తరాది గాలి తగిలిందన్నాను.

"నేదునూరి వారు మా విజయనగరం కాలేజీలో చదువుకున్నవారు. ఆ గొంతు నాకు తెలీదేట్రా," అన్నారు బాబాయి. ఇది సాక్ష్యం కాదు, ఊరిమీది ప్రేమ. ఆ మహారాజా సంగీత కళాశాల ఎదురుగా వెళ్లినప్పుడల్లా ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడే కూర్చున్నట్టు మాట్లాడే మనిషి ఆయన. ద్వారం వారు 1936లో అక్కడ ప్రిన్సిపాలయ్యారన్నది కూడా ఆ వాదనలో ఒక పాయింటుగా వచ్చింది, ఎందుకో తెలీదు. మళ్లీ ఆలాపన పెట్టాం. మళ్లీ విన్నాక ఎవరి మాట వారికి ఇంకా గట్టిపడింది. అమ్మాయి నిర్మొహమాటంగా, "వేగం మీరే సరిచేశారు కదా, శ్రుతి చూసి చెప్పలేరా?" అంది. మంచి ప్రశ్న. కాని ఇది సెల్స్ మీద ఎక్కిన రాత్రి కూడా కావచ్చు. శ్రుతిని సాక్షిగా నిలబెట్టలేను.

అప్పుడు పాతకాలపు గాయని గౌహర్ జాన్ గురించి చెప్పాను. 1902లో కలకత్తాలో గ్రామఫోన్ కంపెనీకి పాడినప్పుడు రికార్డు చివర ఆవిడ ఇంగ్లీషులో తన పేరు తనే చెప్పేది. అచ్చువెయ్యడానికి అవి జర్మనీలోని హానోవర్‌కి వెళ్లేవి. అక్కడి పనివాళ్లకి ఎవరి పాటో తెలియాలి గదా. మూడు నిమిషాల బిళ్లలో కూడా పేరుకి చోటు మిగుల్చుకుంది. మాకు తొంభై నిమిషాలుండి మిగల్లేదు. "మన విద్వాంసులు ముద్ర పెట్టుకోరు, వాగ్గేయకారుడి ముద్రే పాడతారు," అన్నారు బాబాయి. ఆ రోజు ఆయనన్న వాటిలో నేను పూర్తిగా ఒప్పుకున్నది అదొక్కటే.

ఫైలుకి పేరు పెట్టాలి. 'కల్యాణి, నిధి, వోలేటి' అని నేను టైపు చేస్తుంటే బాబాయి వెనక నిలబడి చూశారు. చివరికి 'పినాకపాణి గారి శిష్యుల్లో ఒకరు' అని రాజీకొచ్చాం. తారీకు లేదు, పక్కవాద్యాల పేర్లు లేవు. వయొలిన్ ఎవరిదో తేలితే సంవత్సరం కొంత తేలుతుందని ఇంకో చర్చ పెట్టబోతుంటే మా ఆవిడ, "చిన్నమావయ్యగారూ, మాత్రలు వేసుకున్నారా," అని అడ్డుపడింది.

పడుకునే ముందు ఆ చిలకమ్మ ముక్కని మాత్రం విడిగా కోసి, డాలస్‌లో ఉన్న బాబాయి కూతురికి వాట్సాప్‌లో పంపాను. నీ గొంతే విను అని రాశాను. అక్కడ పొద్దున్న. నాలుగు నిమిషాల్లో జవాబొచ్చింది: "అన్నయ్యా, అది నేను కాదు. మన చిన్నాడు. వాడే 'చిలకమ్మా'ని అలా సాగదీసేవాడు." బాబాయిని లేపి చూపిస్తే కళ్లజోడు పెట్టుకుని చదివి, "దానికేం తెలుసు, అదే పాడింది," అని మళ్లీ దుప్పటి కప్పుకున్నారు.